వేళ్లు చేసిన జికర్

అజ్మత్‌కి భక్తుడనే పేరు రావడానికి ఆయన చేసిన పుణ్యకార్యం ఏమీ లేదు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు, అంతే.

ఆ రోజు సింగపూర్‌లో, హౌగాంగ్ పేటలో ఎవరింట్లోనో పిల్లాడికి పేరు పెట్టే వేడుక. హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగాల కుటుంబాలన్నీ ఆ చిన్న ఫ్లాట్‌లో కిక్కిరిసి ఉన్నాయి. బిర్యానీ తిని, సోఫాలో ఒక మూల చూసుకుని కూర్చున్న అజ్మత్ బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ, కనపడని పూసలేవో తిప్పుతున్నట్టు ఆడుతున్నాయి. చాయ్ పట్టుకొచ్చిన జైనబ్ అది చూసి ఆగిపోయింది. ఆమె భర్త షాదాబ్ అజ్మత్ ఆఫీసులోనే, ఆయన చేతికిందే పనిచేస్తాడు.

"మాషా అల్లా! చూడుండ్రి, చేతిల తస్బీ లేకున్నా అంకుల్ జికర్ ఆగుతలేదు," అంది అందరికీ వినపడేలా.

తస్బీ అంటే జపమాల, జికర్ అంటే దేవుడి పేరు తలుచుకోవడం. ఈ రెండింటితోనూ అజ్మత్‌ది దూరపు చుట్టరికం. ఆయన్ని కనీసం శుక్రవారం నమాజుకైనా పంపాలని భార్య అన్వరి బేగం నిఖా అయిన నాటినుంచీ పోరుతూనే ఉంది. "కాదమ్మా, ఇది జబ్బు" అని ఆ క్షణంలో ఒక్క మాట అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అనలేదు. ఆ జబ్బు పేరు ఆయనకి అప్పటికే తెలుసు. ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు, భార్యతో సహా.

చెప్పిన డాక్టరమ్మ చీనా మనిషి, మెత్తగా మాట్లాడింది. మెదడు లోపల అడుగున నల్లటి చిన్న చోటు ఒకటి ఉంటుందట. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం తయారుచేస్తాయి, ఒంట్లో కదలికలన్నీ సాఫీగా సాగాలంటే అది కావాలి. ఆ కణాలు చచ్చిపోతున్నాయి. ఎందుకని అడిగితే చాలామంది విషయంలో ఎవరికీ తెలియదంది. చెయ్యి వణకడం బయటపడేసరికే సగం దాకా పోయి ఉంటాయట. "కదలాలన్న కోరిక మీలో ఉంటుంది, కండలో బలమూ ఉంటుంది, మధ్యలో కబురు మోసేవాడే సన్నగిల్లుతున్నాడు," అంది. ముందుగా ముక్కుకి వాసన తెలియకుండా పోవచ్చు. రాత చిన్నదవుతుంది, అడుగు కురచవుతుంది, గొంతు తగ్గుతుంది, లోపలి నవ్వూ కోపమూ మొహం మీదికి రావడం మానేస్తాయి. గడప దాటబోయేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయే రోజులు కూడా రావచ్చు. అన్నిటికన్నా వింత, చెయ్యి ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది. ఏదైనా పని చెబితే వణుకు ఆగిపోతుంది గాని పని నత్తనడక నడుస్తుంది. పార్కిన్సన్స్ అంటారు దీన్ని. నయం చెయ్యలేం, మాత్రలతో నెట్టుకురావచ్చు, అని చీటీ రాసిచ్చింది.

అవి రెండువేల సంవత్సరం గండం ముంచుకొస్తోందని లోకమంతా హడలిపోతున్న రోజులు. తేదీ మారగానే పాత కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని భయపడి, అజ్మత్ లాంటి పాతకాలపు ప్రోగ్రాములు తెలిసినవాళ్లని బతిమాలి మరీ సింగపూర్ రప్పించుకున్నారు. గండం గడిచాక ఎవరిని ఉంచుతారో, ఎవరికి టికెట్ చేతిలో పెడతారో దేవుడికే ఎరుక. వణికే చేతికి ఉద్యోగ పర్మిట్ పొడిగిస్తారా అన్నది అజ్మత్ తనకు తాను చెప్పుకున్న కారణం. అసలు కారణం సిగ్గు. యాభై దాటీ దాటకముందే భార్య చొక్కా గుండీలు పెట్టే మనిషి కావడం, నలుగురూ తనని చూసి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఆయన ఊహకే భరించరానివి. నలుగురి జాలికి గురికావడం కన్నా అబద్ధమే నయమనుకున్నాడు.

ఆ జబ్బు కూడా తక్కువది కాదు, అడుగడుగునా భక్తి వేషం కట్టింది. నడక మెల్లగా అయిందా, వినయం అన్నారు. గొంతు తగ్గిందా, అణకువ అన్నారు. మొహంలో నవ్వు కనపడకపోతే, ఈ లోకం మీద ఆశ చంపుకున్నాడు అన్నారు. ఆ కదలని మొహంలో వెలుగు కనిపించిందని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. అన్వరి బేగం సంతోషానికైతే పట్టపగ్గాలు లేవు. అరబ్ స్ట్రీట్‌కి వెళ్లి ఏరి ఏరి ఒక తస్బీ కొనుక్కొచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇన్నేండ్లకు నా దువా కబూలైంది," అని, ఇన్నాళ్ల ప్రార్థన ఫలించినందుకు కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

కాలేజీలో చదువుతున్న కూతురు అమ్రీన్ మాత్రం సింగపూర్ ఇంగ్లీషులో అని నవ్వింది. "పప్పా, యూ వెరీ హోలీ ఆల్రెడీ లా!"

రంజాన్ నెల వచ్చింది. ఆ ఏడు అది సరిగ్గా డిసెంబర్‌లోనే పడింది, ఆఫీసులో ఊపిరి సలపని పని. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు అని మతమే చెప్పింది. మినహాయింపు కావాలంటే ముందు రోగినని చెప్పాలి కదా! అజ్మత్ ఉపవాసం పట్టాడు. ఆఫీసు సొరుగులో దాచుకుని పగటిపూట మింగే మాత్రలు ఆగిపోయాయి. తెల్లవారుజామున ఒకటి, పొద్దుగూకాక ఒకటి బాత్రూంలో దొంగచాటుగా మింగేవాడు. సాయంత్రానికి ఆ మందు బలం పూర్తిగా దిగిపోయి, ఇఫ్తార్ వేళకి సరిగ్గా నలుగురి మధ్యా వేళ్లు చెలరేగి ఆడేవి. ఇదీ రంజాన్ బరకత్, దేవుడి దీవెన, చూడమని ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. జైనబ్ ఒకసారి నీళ్ల సీసా తెచ్చి, తన బాబుకి జ్వరం తగ్గడం లేదు, దువా చదివి ఇందులో ఊదమని అడిగింది. ఊదాడు. మర్నాటికి జ్వరం తగ్గింది, డాక్టరిచ్చిన మందుకే తగ్గి ఉంటుంది. పేరు మాత్రం అజ్మత్‌కి వచ్చింది. ఆ ఊదిన నోటితో అన్నం తినడానికి కూడా ఆయనకి సిగ్గేసింది.

ఆ వారమే జైనబ్ వాళ్లు సెరంగూన్‌లోని తమ ఇంటికి ఇఫ్తార్‌కి పిలిచారు. లోపలికి అడుగుపెట్టగానే ఆమె తన తండ్రిని చూపించింది.

"మా అబ్బా, అంకుల్. దస్తగిరి సాబ్ అంటె సూర్యాపేటల తెల్వనోళ్లు లేరు. బట్టల దుకాణం అమ్మేసి నా దగ్గరికొచ్చిండు. ఈయన గూడ మీ లెక్కనే జికర్‌ల పడిపోయిండు!"

పెద్దాయన గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కుడిచెయ్యి, బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మొహం కదలడం లేదు, కళ్లు అరుదుగా ఆర్పుతున్నాడు. అద్దంలో రోజూ చూసుకునేదాన్ని అజ్మత్ గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

షాదాబ్ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నంటె అంకుల్, ఆ చెయ్యి చూసి డాక్టర్‌కి చూపిద్దామనే అనుకున్నం. మిమ్మల్ని చూసినంక ధైర్యమొచ్చింది. పెద్దోళ్లకు వచ్చేదే, మంచిదే అని ఊకున్నం."

అజ్మత్‌కి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. పెద్దాయన పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వంటింట్లోంచి హలీం గిన్నె వచ్చింది, వచ్చినవాళ్లంతా ఆహా అన్నారు.

"వాసన మంచిగొస్తుంది గదా," అన్నాడు అజ్మత్ ఆయనతో. తనకి ఏ వాసనా రావడం లేదు. ఊరికే కాదు, పరీక్షించడానికే అన్నాడు.

"ఏమో బేటా," అన్నాడు దస్తగిరి సాబ్ గొణుగుతున్నట్టు. "రెండుమూడేండ్ల సంది నాకు ఏ వాసనా తెలుస్తలేదు."

ఇంక అనుమానం లేదు. ఇద్దరినీ పక్కపక్కన చూసి ఆడవాళ్లు చెంగులు తలమీదికి లాక్కున్నారు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు పుణ్యాత్ములని జైనబ్ మురిసిపోయింది. అజ్మత్ తేలు కుట్టిన దొంగలాగా ఖర్జూరం నములుతూ కూర్చున్నాడు.

టాక్సీలో ఇంటికొస్తూ ఉండబట్టలేక అన్నాడు, "జైనబ్ వాళ్ల నాయినను ఒక్కసారి డాక్టర్‌కి చూపిస్తె మంచిగుండు."

"ఎందుకు?" అంది అన్వరి బేగం ఆశ్చర్యంగా. "మిమ్మల్ని చూపిస్తున్ననా నేను?"

ఆయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఆఫీసులో షాదాబ్‌ని పిలిచి, పెద్దాయనకి ఒకసారి చెకప్ చేయించమని చెప్పాడు. బీపీ, షుగర్ అన్నీ ఈ మధ్యనే చూపించాం, అంతా నార్మల్ అన్నాడు షాదాబ్. నార్మల్ అన్న మాట వినగానే అజ్మత్ హమ్మయ్య అనుకున్నాడు. చెప్పాల్సింది చెప్పాను, ఇంక నా పూచీ లేదు అనుకున్నాడు. ఎంత నీచమైన హమ్మయ్యో ఆయనకి ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసీ వెళ్లి తన కుర్చీలో కూర్చుని, తేదీలు దిద్దుకున్నాడు. బ్యాంకులవాళ్ల లెక్కల్లో రాబోయే తప్పుని ముందే పట్టుకున్నందుకు ఆయనకి జీతమిస్తున్నారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడి ఇంట్లో జరగబోయేదాన్ని పట్టుకుని కూడా నోరు విప్పలేదు.

జరగనే జరిగింది. దస్తగిరి సాబ్ లిఫ్ట్ ఎక్కబోతుంటే తలుపు దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోయాయి. కాళ్లు ఆగాయి గాని ఒళ్లు ఆగలేదు. ముందుకు తూలి బోర్లా పడిపోయాడు. ఉపవాసం మీద కళ్లు తిరిగాయని ఇంట్లోవాళ్లే డాక్టర్లకి చెప్పి, నుదుటికి కుట్లు వేయించి తీసుకొచ్చారు.

జైనబ్ ఏడుస్తూ ఫోన్ చేసింది. "ఇంట్ల ఖురాన్ చదివిస్తున్నం అంకుల్. మీరొచ్చి అబ్బాకు దువా చెయ్యాలె. మీరు చేస్తెనే నాకు మనసు కుదుటపడ్తది."

వెళ్లక తప్పలేదు. సెరంగూన్ ఇల్లు నిండిపోయి ఉంది. తెల్లటి దుప్పట్లు పరిచి, ఎవరి చేతిలో భాగం వాళ్లు చదువుకుంటున్నారు. అజ్మత్ రాగానే జరిగి దారిచ్చారు. పెద్దాయన పక్కన చోటు ముందే ఖాళీగా ఉంచారు. ఆయన నుదుటిమీద తెల్లటి కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఒళ్లో చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. జైనబ్ మళ్లీ నీళ్ల సీసా తెచ్చి మూత తీసి అజ్మత్ ముందు పెట్టింది.

దస్తగిరి సాబ్ మెల్లగా ఆయన వైపు వంగాడు. "కండ్లు తిరగలే బేటా. వీళ్లకు చెప్తె ఇంటలేరు. కాళ్లే నా మాట ఇనలే. పో అంటున్న, పోతలెవ్వు." ఇంకాస్త దగ్గరికి జరిగి అడిగాడు, "నీకు గూడ గిట్లయితదా?"

తనలాంటివాడే కదా అన్న నమ్మకంతో అడిగాడు. నలుగురిలో బడాయి పోయి బతికినవాడైనా ఆ ఒక్క ప్రశ్నకి అబద్ధం చెప్పడం అజ్మత్ వల్ల కాలేదు.

"అయితది," అన్నాడు. తరువాత, లేని గొంతు కూడదీసుకుని, "జైనబ్, సీసా తియ్యమ్మా. నాది జికర్ గాదు. జబ్బు. అబ్బాది గూడ అదే. దానికి పేరుంది, మందుంది. ఏడాది సంది నేను మాత్రలు మింగుతున్న."

చదువుతున్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒక్క క్షణం అందరూ ఆయన్నే చూశారు. అప్పుడు షాదాబ్ రెండు చేతులూ గుండెమీద పెట్టుకున్నాడు.

"సుభానల్లా! చూసిండ్రా ఎంత అణకువనో! తన భక్తికి జబ్బని పేరు పెట్టుకున్నడు."

"పెద్దోళ్లంతా గిట్లనే దాచుకుంటరు," అంది వెనకనుంచి ఒకావిడ. అన్వరి బేగం గర్వంగా తల వంచుకుంది.

అబద్ధంతో పరువు పెరగడం అజ్మత్‌కి అలవాటైంది. నిజం చెప్పినా పెరుగుతుంటే ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. ఇక్కడితో ఊరుకోవచ్చు, నేను చెప్పాను, వాళ్లే వినలేదు అనుకోవచ్చు అని లోపల పాత గొంతు ఒకటి ఆశపెట్టింది. పక్కనున్న నుదుటి కట్టు చూసి ఆయన ఆ ఆశ చంపుకున్నాడు. జేబులోంచి తస్బీ తీశాడు.

"సరే, చూడుండ్రి. జికరైతె ఇప్పుడు ఇంక జోరుగ సాగాలె గదా."

తస్బీ చేతిలోకి తీసుకుని పూస తిప్పబోగానే వేళ్ల వణుకు ఆగిపోయింది. ఒక పూస కదిలింది. రెండోది సగం దాకా వచ్చింది. మూడోది బొటనవేలి కింద ఇరుక్కుపోయింది. ఆయన బలమంతా పెట్టి నెట్టాడు. నుదుట చెమట పట్టింది. చదువుకున్న మనిషి, పదిమందికి పని చెప్పే మనిషి, చిన్న పూసని ముందుకు జరపలేక దుప్పటిమీద కూర్చుని రొప్పుతుంటే ఇల్లంతా చూసింది. పిల్లలు కూడా చూశారు. ఆయన తస్బీ కింద పెట్టి చెయ్యి ఒళ్లో పడేశాడు. కాసేపటికి వేళ్లు వాటంతటవే మళ్లీ మొదలుపెట్టాయి.

"దేవుని పేరు తలుసుకుందామంటె కదల్వు," అన్నాడు. "ఏం తలుసుకోకుంటె ఆగవు. గిది జికరా?"

ఈసారి ఎవరూ సుభానల్లా అనలేదు.

"ఏడాది సందా?" అంది అన్వరి బేగం. అంతే అంది. ఆ తస్బీ తను కొన్నది. ఆ భక్తి తన దువాకి ఫలమని తను ఊరంతా చెప్పుకున్నది. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్తుంటే ఆడవాళ్లు ఆమెకి దారిచ్చిన తీరులోనే తేడా కనిపించింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

షాదాబ్ మొహం ఎర్రబడింది. "నేను డాక్టర్ మాట మీతోనే ఎత్తిన గద అంకుల్. ఈ ఇంట్లనే, ఈడనే నిలబడి."

"ఎత్తినవు."

"మీకప్పుడే తెలుసా?"

"తెలుసు," అన్నాడు అజ్మత్. ఆ కుర్రాడు మొహం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టడానికి కూడా తగని మనిషినయ్యానని అజ్మత్‌కి ఏడుపొచ్చింది. జైనబ్ సీసా మూత బిగించి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

దస్తగిరి సాబ్ చెయ్యి చాపి కింద పడున్న తస్బీ అందుకున్నాడు. ఆయన కూడా తిప్పి చూశాడు. పూసలు ఆయన వేళ్ల కింద కూడా కదలలేదు. చాలాసేపు దానికేసి చూసి, తిరిగి దుప్పటిమీద పెట్టాడు.

"దుకాణంల ఉన్నన్నొద్దులు నేను నమాజు గూడ సక్కగ చెయ్యలే బేటా," అన్నాడు. "ఎప్పుడు జూడు గిరాకీ, గిరాకీ. ముసలితనంల చేతి ఏళ్లు వాటంతటవే తిరుగుతుంటె, బిడ్డ జికర్ అన్నది. నేను నమ్మలే. నాకెక్కడిది అంత భాగ్యం అనుకున్న. నిన్ను చూసినంక నమ్మిన. నేను మర్సిపోయినా ఆయన నన్ను మర్సిపోలే, నా ఏళ్లల్లకు ఒచ్చి కూసున్నడు అనుకున్న. శానా సంతోషపడ్డ."

ఆ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. పోయిన వస్తువు ఎలా ఉండేదో అడిగినవాళ్లకి చెబుతున్నట్టు చెప్పాడు. అజ్మత్‌కి ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. నుదుటి గాయానికే తాను బాధ్యుడననుకుని వచ్చాడు. అది మానుతుంది.

"మందు మంచిగ గుణమిస్తది," అన్నాడు గబగబా, సంచీలో మిగిలిన ఒకే ఒక్క వస్తువు ఇచ్చేస్తున్నట్టు. "నడక తేలికయితది, చెయ్యి ఆగుతది. మా డాక్టరమ్మ మంచిది. రేపు పొద్దుగాల నేనే ఒచ్చి తోల్కపోత మిమ్మల్ని."

"పోత బేటా. పోకుండ ఎట్ల? షాదాబ్ తీస్కపోతడు." పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు రాకు."

"కోపమొచ్చిందా?"

"కోపం గాదు," అన్నాడు దస్తగిరి సాబ్. "నిన్ను చూస్తె నాకు మళ్ల నమ్మబుద్ధయితది."